పెచ్చెట్టి వారి రహస్య సమాధానం

గోగులంకలో పెళ్ళి జరిగినా, పెద్దకర్మ భోజనాలు పెట్టినా, ఎన్నికల సభ పెట్టినా జనం నడుం వాల్చేది పెచ్చెట్టి వారి మీదే. ప్రతి కుర్చీ వీపు మీదా తెల్లరంగుతో 'పెచ్చెట్టి' అని ఉంటుంది. షామియానా అంచు మీద ఉంటుంది, గరిటె కాడ మీద ఉంటుంది, అయిదొందల మందికి పులుసు కాగే గంగాళం కడుపు మీద జానెడు అక్షరాలతో ఉంటుంది. ఊళ్ళో చదువు రానివాళ్ళు కూడా ఆ మూడక్షరాలు మాత్రం తడుముకోకుండా చదువుతారు.

ఆ సామానంతటికీ యజమాని పెచ్చెట్టి పరదేశి. వయసు యాభై ఎనిమిది. అతనికి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదు. వీడు మావాడు కాదు, ఎవరో పరదేశి అని చెప్పి యముడి కళ్ళు కప్పడానికి పెట్టిన పేరది. ఒక మనిషి గుర్తింపును దొంగల నుంచి కాపాడడానికి గోగులంకలో జరిగిన మొదటి ప్రయత్నం అదే అనుకోవాలి. సర్క్యులర్లూ సంతకాలూ లేకుండా జరిగింది కాబట్టి ఫలించింది కూడా.

అద్దె సామాన్ల వ్యాపారం మొదలుపెట్టింది పరదేశి తాత, అంటే తల్లి వీరరాఘవమ్మకి తండ్రి. ఆయనకు ఒక్కతే కూతురు కావడంతో అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఆ వచ్చిన అల్లుడు అప్పలస్వామి, చెప్పులతో పాటు తన ఇంటిపేరు కూడా గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చాడు. పెళ్ళిళ్ళ కాలం ముందు ఏటా చిన్న బ్రష్షు పట్టుకుని పీట వేసుకుని, సామాను సామానుకీ 'పెచ్చెట్టి' అని గుండ్రటి అక్షరాలతో రాస్తూ నలభై ఏళ్ళు గడిపి పోయాడు. పాత గంగాళాల అడుగున మసి చాటున మాత్రం ఇంకో చిన్న అక్షరం ఉండేది. అది పాత్ర చేసిన కంచరి వేసుకున్న గుర్తని పరదేశి చిన్నప్పటినుంచీ అనుకునేవాడు.

పరదేశి బుద్ధిగా బ్యాంకు కార్డు తీసుకోవాలనుకోవడంతో ఈ గొడవంతా మొదలైంది.

శ్రీ సర్వజన సహకార బ్యాంకు గోగులంక శాఖలో ఆ రోజు కార్డుల నమోదు జరుగుతోంది. కౌంటర్లో కూర్చున్న గుమాస్తా నళినాక్షి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. మర్యాద తెలిసింది.

"రహస్య ప్రశ్నండి. మీ అమ్మగారి పుట్టింటి పేరేంటండి?" అని అడిగింది.

"పెచ్చెట్టండి."

"అది మీ ఇంటిపేరు కదండి. నేనడిగేది మీ అమ్మగారి పుట్టింటోళ్ళది."

"అదేనమ్మా. పెచ్చెట్టే. మా నాన్న ఇల్లరికం వచ్చేడు."

నళినాక్షి అదే కొట్టింది. 'రహస్య సమాధానము ఖాతాదారుని పేరులో భాగమై ఉండరాదు' అని కంప్యూటరు ఎర్రగా చూపించింది. ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి ఎరుపెక్కింది.

"ఆవిడకి వేరే పుట్టిల్లేమన్నా ఉందాండి?"

"పుట్టిల్లు ఎవరికైనా ఒకటే ఉంటదమ్మా. మా అమ్మ ఆ ఇంట్లోనే పుట్టింది, అందులోనే కాపరం చేసింది, ఇప్పుడూ అందులోనే పప్పు రుబ్బుతుంది."

పరదేశి వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు. నళినాక్షి మేనేజరు గదిలోకి వెళ్ళి, వచ్చి, ఏదో టకటకా కొట్టింది. కంప్యూటరు పచ్చగా మారింది.

"ఏం కొట్టేవమ్మా?" అన్నాడు పరదేశి.

"రహస్యమండి. ఎవరికీ చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"సర్క్యులర్లో ఎవరికీ మినహాయింపు లేదండి అంకుల్."

పరదేశికి ఈ పద్ధతి నచ్చింది. తనకే తెలియని రహస్యాన్ని ఇక దొంగ ఎలా తెలుసుకుంటాడని ధైర్యంగా ఇంటికి వెళ్ళాడు. వెళ్ళే ముందు, గుర్తింపు భద్రంగా ఉండాలంటే పాసుపుస్తకానికీ ఆధారుకీ మూడేసి జెరాక్సులు ఇవ్వాలన్నారు కాబట్టి ఎదురుగా ఉన్న షాపులో తీయించి ఇచ్చాడు. సరిగ్గా పడని కాపీలు రెండు షాపువాడు పక్కన పారేశాడు. ఆ పక్కన మిరపకాయ బజ్జీల బండి ఉంది. బండివాడికి బజ్జీలు చుట్టడానికి కాగితాలు ఎప్పుడూ చాలవు. పరదేశి వివరాలు ఆ విధంగా వేడివేడిగా లోకంలోకి వెళ్ళాయి.

ఏడాది తిరిగేసరికి బ్యాంకు నుంచి పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. 'ఫోను ద్వారా తమరు కోరిన మేరకు తమ ఫోను నంబరు మార్చబడినది. కొత్త కార్డు తమరు కోరిన చోటికి పంపబడినది. గుర్తింపు చౌర్యము పట్ల అప్రమత్తులై యుండగలరు' అని అందులో ఉంది. పరదేశి అప్రమత్తుడై వెంటనే బ్యాంకుకు పరుగెత్తాడు.

బ్యాంకులో గుర్తింపు పరిరక్షణ మాసోత్సవం జరుగుతోంది. మేనేజరు చిదంబరేశ్వరరావు తలుపు మీద పేరు పలకకు నల్లటి టేపు అంటించి ఉంది. పేరు నలుగురికీ కనపడేలా పెట్టుకోవడం దొంగను పిలిచి పీట వేయడంతో సమానమని పై ఆఫీసు తేల్చింది. ఒకే సంతకం ప్రతిసారీ పెడితే ఫోర్జరీ చేయడం సులువు కాబట్టి ఖాతాదారులు ప్రతిసారీ వేరే సంతకం పెట్టాలని గోడ మీద రాశారు. ఫొటోలో మనిషి పోలిక ఎక్కువగా ఉంటే దుర్వినియోగం అయ్యే ప్రమాదం ఉందని అలాంటివాటిని వెనక్కిస్తున్నారు. ఒక రిటైర్డు మాస్టారు తన ఫొటో తిప్పి కొట్టారని, బావమరిది ఫొటో ఇచ్చి పని కానిచ్చుకున్నారు.

"అయ్యా, ఈ ఫోను చేసింది నేను కాదండి," అన్నాడు పరదేశి.

చిదంబరేశ్వరరావు ఉత్తరం తిరగేసి చూశాడు. "ఫోను చేసిన వ్యక్తి రహస్య ప్రశ్నకు మొదటి ప్రయత్నంలోనే సరైన సమాధానం ఇచ్చియున్నారు. కావున బ్యాంకు దృష్టిలో పెచ్చెట్టి పరదేశి వారే. తమరు ఎవరు అన్నది పరిశీలించవలసిన అంశం."

"నేనేనండి పరదేశిని. మీ అమ్మాయి ఓణీల ఫంక్షనుకి సామాను వేసింది నేనే కదండి. ఇప్పుడు మీరు కూర్చున్న కుర్చీ కూడా నాదేనండి. అప్పుడు లెక్కలో ఒకటి తగ్గింది, నేను అడగలేదంతే."

మేనేజరు లేచి కుర్చీ వీపు చూశాడు. 'పెచ్చెట్టి' అని ఉంది. మళ్ళీ కూర్చున్నాడు.

"కుర్చీ పెచ్చెట్టి వారిదని నిర్ధారణ అయినది. తమరు పెచ్చెట్టి వారని కాలేదు. కుర్చీకి ఉన్నపాటి ఆధారం తమకు లేదు."

"అయితే నన్నూ అడగండి ఆ ప్రశ్న."

అడిగారు. రోజుకు మూడు అవకాశాలు. పరదేశి మూడుసార్లూ 'పెచ్చెట్టి' అన్నాడు. మూడుసార్లూ తప్పన్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, నోరు బాగా తెరిచి, ఒత్తులన్నీ పలికేలా చెప్పాడు. తప్పన్నారు. మూడో రోజు ఆధారు కార్డు, రేషను కార్డు, ఓటరు కార్డు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, తండ్రి మరణ ధ్రువీకరణ, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి బల్ల మీద పరిచాడు.

చిదంబరేశ్వరరావు వాటిని చూసి ఇంకా అనుమానంగా ముఖం పెట్టాడు. "ఇరవయ్యారేళ్ళ సర్వీసులో అన్ని కాగితాలూ పట్టుకొచ్చిన ఖాతాదారుణ్ణి నేను చూడలేదు. అసలైనవాడు ఏదో ఒకటి ఇంట్లో మరిచిపోయి వస్తాడు. ఇన్నీ ఒక్కచోట చేర్చవలసిన అవసరం నకిలీ వ్యక్తికే ఉంటుంది. ఇందుమూలంగా తమరి మీద అనుమానం బలపడినట్లు నమోదు చేయడమైనది."

కొత్త పరదేశి ఈలోగా ఖాళీగా కూర్చోలేదు. ఉత్తరాలు వచ్చే చిరునామా మార్చాలంటే వేరే ఫారం నింపాలట, దానికి అతనికి ఓపిక లేనట్టుంది. అందుచేత అతను కొన్న ప్రతి వస్తువుకీ బ్యాంకు పంపే అభినందన ఉత్తరం పాత పరదేశి ఇంటికే వచ్చేది. మొదట ఫ్రిజ్జు కొన్నందుకు అభినందించారు. తరవాత డబుల్ కాట్ కొన్నందుకు, ఆ తరవాత మిక్సీ కొన్నందుకు.

వీరరాఘవమ్మకు ఎనభై రెండేళ్ళు. కళ్ళు కాస్త మందగించాయి కానీ బుర్ర మందగించలేదు. ఉత్తరాలు చదివించుకుని వింది.

"వాడెవడో కొత్త కాపరం పెట్టేడ్రా," అంది.

"పెట్టనీయే. మన ఖర్చుతో పెట్టేడు."

"ఖర్చు సంగతి కాదురా. రేపు వాడికి పిల్లలు పుడితే వాళ్ళనీ పెచ్చెట్టి వారనే అంటారా?"

పరదేశి ఆ కోణం ఆలోచించలేదు. పోయిన సొమ్ము ఎలాగోలా సంపాదించుకోవచ్చు, కానీ తన పేరు పెట్టుకుని ఇంకెవడో తిరుగుతున్నాడంటే అతనికి ఒంటి మీద చొక్కా లాగేసినట్టుగా ఉంది. టీ కొట్టు దగ్గర జనం కూడా ఊరుకోవడం లేదు. "ఏవండీ, ఇవాళ టీ అసలు పరదేశి తాగేడా, నకిలీ పరదేశి తాగేడా? ఖాతా ఎవరి పేర రాయమంటారు?" అని కొట్టువాడు అడిగితే అందరూ నవ్వారు. పరదేశి కూడా నవ్వాడు. ఇంటికి వచ్చాక ఏడుపు వచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ నళినాక్షి బ్యాంకు వెనక సైకిలు స్టాండు దగ్గర అతన్ని ఆపింది.

"అంకుల్, నేను చెప్పకూడదు. చెబితే ఉద్యోగం పోద్ది. మీరు మాత్రం ఆ ప్రశ్నకి మరీ అంత గట్టిగా, తెలిసినట్టు చెప్పకండి."

"తెలిసిందాన్ని తెలిసినట్టు కాకపోతే ఎలా చెబుతానమ్మా?"

"అదేనండి నా బాధ కూడాను," అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. బ్యాంకు గాలి సోకి ఈ పిల్లకి కూడా మతి పోతోందని పరదేశి జాలిపడ్డాడు.

చివరికి వీరరాఘవమ్మే బయలుదేరింది. జరీ అంచు చీర కట్టుకుని, ఆటో దిగి, కర్ర పొడుచుకుంటూ మేనేజరు ముందుకు వచ్చి నిలబడింది.

"బాబూ, నేను వీడి అమ్మని. నా పుట్టింటి పేరు పెచ్చెట్టి. నేనే చెబుతున్నాను. ఇంకేం కావాలి?"

చిదంబరేశ్వరరావు లేచి నమస్కరించాడు. పెద్దవాళ్ళ పట్ల అతనికి గౌరవం ఉంది. తరవాత కూర్చున్నాడు. నిబంధనల పట్ల కూడా ఉంది.

"తమరు వారి తల్లి అని ముందుగా నిర్ధారించవలసి ఉంటుందండి. అందునిమిత్తం తమ తల్లిగారి పుట్టింటి పేరు చెప్పగలరు."

"రాయుడు వారు. అయితే?"

"అది వాస్తవమని ధ్రువీకరించడానికి తమ తల్లిగారు హాజరు కావలసి ఉంటుంది."

"మా అమ్మ పోయి యాభయ్యేళ్ళయింది బాబూ."

"అటువంటి సందర్భంలో హాజరు నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. అయితే వారి తల్లిగారి పుట్టింటి పేరు..."

వీరరాఘవమ్మ కర్ర బల్లకు ఆనించింది. "నీ పేరేంటి నాయనా?"

"భద్రతా కారణాల రీత్యా చెప్పజాలనండి."

"మీదే ఊరు?"

"చెప్పజాలనండి."

"పాపం. నువ్విక్కడున్నట్టు మీ అమ్మకన్నా తెలుసా?"

ఈ ప్రశ్న సర్క్యులర్లో లేనందున మేనేజరు దాన్ని పై ఆఫీసు పరిశీలనకు రాసుకున్నాడు.

ఇద్దరూ ఆటోలో తిరిగి బయలుదేరారు. వంతెన దాటాక ఆవిడ కొడుకు చేతి మీద చెయ్యి వేసింది. "ఈ పేరు నిలబెట్టడానికని మీ నాన్న తన పేరు వదిలేసుకున్నాడు. ఎంత మంది ఎగతాళి చేసినా ఊరుకున్నాడు. నువ్వు మాత్రం దీన్ని ఎవడికో వదిలెయ్యకురా."

"వదల్నే అమ్మా," అన్నాడు పరదేశి. తండ్రి ఏ పేరు వదిలేసుకున్నాడని అడగాలని మాత్రం అతనికి తోచలేదు. యాభై ఎనిమిదేళ్ళుగా తోచలేదు కాబట్టి ఆ ఒక్క పూట తోచకపోవడంలో వింత లేదు.

మాసోత్సవం ముగింపుకు పెద్ద సభ పెట్టాలని పై ఆఫీసు నిర్ణయించింది. ఖాతాదారులలో మిక్కిలి జాగరూకత చూపిన ఒకరికి 'గుర్తింపు రక్షక' బిరుదిచ్చి శాలువా కప్పాలి. రికార్డులు తిరగేస్తే, శాఖ మొత్తం మీద రహస్య ప్రశ్నకు మొదటి ప్రయత్నంలోనే సరిగ్గా సమాధానం చెప్పినవాడు ఒక్కడే తేలాడు. మిగతావాళ్ళు ఒకరు 'మా అమ్మనడిగి చెబుతాను' అన్నారు, ఇంకొకరు 'మా మేనమామలదే కదా, మీకు తెలుసుగా' అన్నారు. తడుముకోకుండా చెప్పి నెగ్గినవాడు ఫోను చేసిన పెచ్చెట్టి పరదేశి.

ఆ మధ్యాహ్నమే చిదంబరేశ్వరరావు పరదేశికి ఫోను చేశాడు. "పరదేశి గారూ, శనివారం సాయంత్రం నాలుగింటికి రెండొందల కుర్చీలు, ఒక షామియానా, మైకు సెట్టు కావాలండి. మీ ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురండి."

"నేను పరదేశినని మీరు ఒప్పుకున్నట్టేనాండి అయితే?"

"కుర్చీల నిమిత్తం తమరు పరదేశి గారేనండి. ఖాతా నిమిత్తం విచారణలో ఉంది."

పరదేశి కుర్చీలు పంపించాడు. వృత్తి వృత్తే కదా అనుకున్నాడు. శనివారం బ్యాంకు ముందు షామియానా లేచింది. వేదిక మీద కట్టిన ఫ్లెక్సీలో ప్రాంతీయ గుర్తింపు పరిరక్షణాధికారి ఫొటో పెట్టి, మొహం మాత్రం గుర్తు పట్టకుండా చెరిపేశారు. ఆ అధికారి కారు దిగాడు. ఆయన పేరు ఆయన డ్రైవరుకు కూడా తెలియదని చెప్పుకున్నారు. మెడలో వేసిన దండకు కట్టిన చీటీ మీద 'గోప్యం' అని రాసి ఉంది.

ముందు వరసలో వీరరాఘవమ్మ కూర్చుంది. పరదేశి మైకు తీగ పట్టుకుని వేదిక మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"సభకు నమస్కారం," అన్నాడు అధికారి. "గుర్తింపు అనునది మానవునికి ప్రాణసమానమైనది. కావున దానిని సాధ్యమైనంతవరకు వినియోగించరాదు. ఏ వ్యక్తి అయితే తానెవరో ఎవ్వరికీ తెలియనీయడో, ఆ వ్యక్తియే సురక్షితుడు." చప్పట్లు మోగాయి. "ఇప్పుడు గుర్తింపు రక్షక పెచ్చెట్టి పరదేశి గారిని వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాం."

ఎవరూ రాలేదు. కొత్త పరదేశికి ఫోను చేశారట, ఇంట్లో ఏసీ బిగించేవాళ్ళు వచ్చారు, కుదరదన్నాడట. అధికారి ఇంకోసారి పిలిచాడు. ముందు వరస నుంచి వీరరాఘవమ్మ కర్రతో కొడుకు వైపు చూపించి, "వెళ్ళరా," అంది. పరదేశి మైకు తీగతో సహా వేదిక ఎక్కాడు.

చిదంబరేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు. "సార్, ఈ వ్యక్తి కుర్చీల నిమిత్తం మాత్రమే..."

అధికారి చెయ్యెత్తి ఆపాడు. "పద్ధతి ప్రకారం పోదాం. ప్రశ్న అడుగుదాం. మూడు అవకాశాలు."

నళినాక్షి కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తమ తల్లిగారి పుట్టింటి పేరు?"

"పెచ్చెట్టండి," అన్నాడు పరదేశి. మైకులో ఊరంతా వినపడింది. కంప్యూటరు ఎర్రగా కూసింది.

"రెండో అవకాశం."

"పెచ్చెట్టండి." మళ్ళీ కూసింది.

"చూడండి," అన్నాడు అధికారి కాస్త ప్రేమగా. "తప్పని తేలిన తరవాత కూడా అదే చెబుతున్నారు. ఇదే చివరి అవకాశం. ఇది కూడా తప్పితే తమరు పరదేశి కానట్టు శాశ్వతంగా నమోదు అవుతుంది. ఆలోచించుకుని వేరే ఏదైనా చెప్పండి."

పరదేశి ఎదురుగా చూశాడు. చివరి వరసల్లో జనం కూర్చోని ఖాళీ కుర్చీలన్నీ వీపులు చూపిస్తూ పక్కకు తిప్పి ఉన్నాయి. ప్రతి వీపు మీదా పెచ్చెట్టి, పెచ్చెట్టి అని ఉంది. ఇంతకన్నా ఏం చెప్పాలో అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"నాకు తెలీదండి," అన్నాడు.

నళినాక్షి ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు ఒక్క క్షణంలో కొట్టేసింది. కంప్యూటరు పచ్చగా మారి చిన్న పాట పాడింది.

అసలు సంగతి ఏమిటంటే, ఏడాది కిందట సమాధానం ఏం రాయమంటారని ఆ పిల్ల వెళ్ళి అడిగినప్పుడు, 'సరైన సమాధానం లభ్యం కాని పక్షంలో తెలియదు అని రాయుము' అని చిదంబరేశ్వరరావు సెలవిచ్చాడు. ఫోను చేసిన దొంగకు వీరరాఘవమ్మ పుట్టింటి పేరు తెలియదు. నిజాయితీగా 'తెలియదండి' అన్నాడు. బ్యాంకు అతన్ని నమ్మింది. తెలిసినవాడు కావడం ఒక్కటే పరదేశి చేసిన తప్పు.

"ధన్యవాదాలు," అన్నాడు అధికారి శాలువా కప్పుతూ. "తమరు తమరేనని బ్యాంకు సంతోషపూర్వకంగా నిర్ధారిస్తున్నది."

సభలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పరదేశికి మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. కన్నతల్లి పుట్టింటి పేరు తనకు తెలియదని, అమ్మ ఎదురుగా, తన మైకులోనే, ఊరందరికీ చెప్పాడు. అలా చెబితేనే పేరు తిరిగి వచ్చింది. ఆ శాలువా అతని భుజాల మీద తడిబట్టలా బరువుగా ఉంది.

అంతటితో అయిపోలేదు. అధికారి ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు. రహస్య సమాధానం మైకులో బయటపడింది. ఇది మాసోత్సవ చరిత్రలోనే అతి పెద్ద లీకు. తక్షణం కొత్త ప్రశ్న నమోదు చేయాలని ఆజ్ఞాపించాడు. నళినాక్షి జాబితా తెరిచి చదివి, సందేహంగా తల ఎత్తింది.

"ఇందులో ఒకే ప్రశ్న మిగిలిందండి. 'తండ్రి పుట్టింటి పేరు' అని ఉందండి."

సభలో నవ్వులు లేచాయి. పై ఆఫీసులో ఎవరో కొత్త ప్రశ్న తయారు చేయమంటే, పాతదానిలో తల్లి కొట్టేసి తండ్రి అని పెట్టి చేతులు దులుపుకున్నారు. మగాడికి పుట్టిల్లేమిటి, వాడు పుట్టినింట్లోనే ఉంటాడు కదా అని వెనక వరసలో ఎవరో అన్నారు. అధికారి కూడా ఇబ్బందిగా దగ్గాడు.

పరదేశి నవ్వలేదు. ఆ సభలో, బహుశా ఆ బ్యాంకు ఖాతాదారులందరిలో, ఆ పిచ్చి ప్రశ్నకు జవాబున్నవాడు తానొక్కడే. తండ్రికి పుట్టిల్లు ఉంది. దాన్ని వదిలి వచ్చాడు. దానికొక పేరుండేది. ఆ పేరేమిటో పరదేశికి తెలియదు. ఇందాక 'తెలీదు' అన్నది అబద్ధం. ఇప్పుడది నిజమైంది. బ్రష్షు పట్టుకుని పీట మీద వంగి కూర్చున్న తండ్రి కళ్ళ ముందు మెదిలాడు. ఆయన్ని ఆ సంగతి ఒక్కసారి కూడా అడగలేదు.

"తెలీదండి," అన్నాడు మెల్లగా. ఈసారి కంప్యూటరు ఎర్రగా కూసింది. 'ఈ సమాధానం ఇదివరకే వాడబడినది' అంది.

కర్ర చప్పుడు వినిపించింది. వీరరాఘవమ్మ ఒక్కొక్క మెట్టే ఎక్కి వేదిక మీదకు వచ్చింది. అడ్డం రాబోయిన చిదంబరేశ్వరరావుని, "నువ్వుండు నాయనా," అని పక్కకు జరిపింది. కొడుకు భుజం మీద శాలువా సర్దింది.

"తెలీకపోతే నన్నడగొచ్చు కదరా," అంది.

తరవాత మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, కొడుకు చెవిలో ఒక్క మాట చెప్పింది. పరదేశి నళినాక్షి చెవిలో చెప్పాడు. నళినాక్షి కొట్టింది. కంప్యూటరు పచ్చగా మారింది. ఆ బ్యాంకు పుట్టిన దగ్గర్నుంచీ నమోదైన వాటిలో నిజంగా రహస్యమైన సమాధానం అదొక్కటే.

సోమవారం నాడు కొత్త పరదేశి బ్యాంకుకు ఫోను చేసి, ఏసీ డబ్బు కట్ కాలేదని అడిగాడట. ప్రశ్న విని, అలవాటు ప్రకారం 'తెలియదండి' అన్నాడట. మూడుసార్లూ అదే అన్నాడట. అభినందన ఉత్తరాలు ఆగిపోయాయి. ఈ పద్ధతి వల్ల దొంగ పట్టుబడినట్లు చిదంబరేశ్వరరావు పై ఆఫీసుకు నివేదిక పంపి ప్రశంసాపత్రం తెప్పించుకున్నాడు. దాని మీద పేరున్న చోట నల్లటి టేపు వేశారు.

అంతకు ముందు, సభ మర్నాడే, ఆదివారం పొద్దున్న పరదేశి సామాన్ల కొట్టు తెరిచి, అన్నిటికన్నా పాత గంగాళాన్ని బయటకు దొర్లించి బోర్లా వేశాడు. చింతపండూ ఇసుకా వేసి, గంటసేపు అడుగు తోమాడు. మసి పోయాక ఆ చిన్న అక్షరం తేలింది. అది కంచరి గుర్తు కాదు, నిన్న అమ్మ చెవిలో చెప్పిన పేరులో మొదటి అక్షరం. నాన్న రాసే గుండ్రటి అక్షరమే, ఉలితో చెక్కింది. పరదేశి ఇంకో గంగాళం బోర్లించాడు. దాని అడుగునా ఉంది. ఎవరూ చూడని చోట, మంట తగిలే చోట, ప్రతిదాని అడుగునా ఉంది.

వీరరాఘవమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. "నాకు తెలుసులే. పెళ్ళైన ఏడే చెక్కేడు. మా నాన్నకి చెప్పొద్దన్నాడు," అంది.

పరదేశి ఆ అక్షరం మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అదేం అక్షరమో చెప్పాలని నాకూ ఉంది. కానీ అతని ఖాతా ఇంకా ఆ బ్యాంకులోనే ఉంది.